గొడవొస్తే ఎక్కడ తేలాలి? విదేశీ ఒప్పందానికి లాయరును వెతుక్కునే ముందు

"ఆర్బిట్రేషన్: ఐసీసీ నియమాలు, షాంఘై వర్తించును."

చైనాలో ఒక ఫ్యాక్టరీ కట్టడానికి ఒప్పుకున్న జర్మన్ నిర్మాణ సంస్థ, గొడవలొస్తే ఏం చేయాలన్న సంగతి కాంట్రాక్టులో ఇంతే రాసుకుంది. తర్వాత పేచీ వచ్చింది. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు పోకుండా ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తుల చేత తీర్పు చెప్పించుకోవడం. ఐసీసీ, అంటే ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, వ్యాపార వివాదాల్లో చాలా పేరున్న వేదిక. ఆ నియమాల కిందే షాంఘై వేదికగా విచారణ నడిచింది, అవార్డు (మధ్యవర్తుల తీర్పు) కూడా వచ్చింది. ఆ కాగితం పట్టుకుని అమలు కోసం చైనా కోర్టుకు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రావాల్సి వచ్చింది. అప్పటి చైనా చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్ క్లాజులో ఏ సంస్థ ముందు తేల్చుకుంటారో దాని పేరు ఉండి తీరాలి. ఇక్కడ నియమాల పేరుంది, ఊరి పేరుంది, సంస్థ పేరు లేదు. ఆ క్లాజే చెల్లదని 2004లో అన్నారు. అవార్డును అమలు చేయబోమని 2006లో తేల్చారు.

ఆ లైను రాసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేమీ కాదు. అదే క్లాజు చాలా దేశాల్లో చెల్లిపోయేది. కానీ డబ్బు వసూలు చేసుకోవాల్సిన దేశంలో చెల్లలేదు. అక్కడి చట్టం తెలిసిన లాయరు ఒక్కసారి చదివి ఉంటే చెప్పగలిగే మాట అది.

విదేశంలో వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళు సాధారణంగా అడిగేది "అక్కడ మంచి లాయరును ఎలా పట్టుకోవాలి?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. రేపు అవతలివాడు మాట తప్పితే ఎవరి ముందు నిలబడాలి, ఎవరి ఆస్తి మీద చెయ్యి వేయాలి అన్నది ముందు తేలాలి. అది తేలితే ఏ దేశపు లాయరు కావాలో, ఆయనతో ఎంత పని చేయించుకోవాలో దాదాపు దానంతట అదే తెలుస్తుంది.

మూడు ముడులు, మూడు చోట్ల

విదేశీ కాంట్రాక్టులో మూడు విషయాలుంటాయి. ఏ దేశపు చట్టం ప్రకారం చదవాలి? ఎవరు తీర్పు చెప్పాలి? తీర్పు వచ్చాక ఎక్కడ అమలు చేసుకోవాలి? ఈ మూడూ ఒకటే అనుకుని "మా దేశపు చట్టం, మా ఊరి కోర్టు" అని రాసేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళే ఎక్కువ.

యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీ పరాయి దేశంలో సరుకు అమ్మిందనుకుందాం. కొన్నవాడు సగం డబ్బే ఇచ్చాడు. కాంట్రాక్టులో రాసుకున్నట్టే అమ్మినవాడు సొంత దేశపు కోర్టుకెక్కాడు, గెలిచాడు. ఇక అసలు కథ మొదలవుతుంది. కొన్నవాడి ఫ్యాక్టరీ, గోడౌను, బ్యాంకు ఖాతా అన్నీ అతని దేశంలోనే ఉన్నాయి. ఈ తీర్పును అక్కడి కోర్టు గౌరవిస్తుందా లేదా అన్నది ఆ రెండు దేశాల మధ్య ఏర్పాటును బట్టి ఉంటుంది. ఆ ఏర్పాటే లేకపోతే అక్కడ మళ్ళీ మొదటి నుంచి దావా వేయాలి.

కోర్టు తీర్పులు సరిహద్దులు దాటడానికి ప్రపంచమంతటికీ పనికొచ్చే వల ఇంకా సరిగ్గా అల్లుకోలేదు. 2019 నాటి హేగ్ ఒడంబడిక 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. కానీ యూరప్ దేశాలను పక్కన పెడితే అందులో చేరినవి కొద్దే. అమెరికా అయితే విదేశీ తీర్పుల అమలుకు సంబంధించి ఇలాంటి ఒడంబడిక దేన్నీ ఆమోదించలేదు. అక్కడ ఏ రాష్ట్రానికా రాష్ట్రం చట్టమే. ఆర్బిట్రేషన్ సంగతి వేరు. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలో 170కి పైగా దేశాలున్నాయి. ఒక సభ్యదేశంలో వచ్చిన అవార్డును మరో సభ్యదేశపు కోర్టు, ఒడంబడికలో చెప్పిన కొద్ది కారణాలు ఉంటే తప్ప, కాదనకూడదు. విదేశీ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజు ఇంత తరచుగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే. ఆర్బిట్రేషన్ త్వరగా తేలుతుంది, చవక అంటారు గానీ ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. చిన్న మొత్తాలకు ముగ్గురు ఆర్బిట్రేటర్లను పెట్టుకోవడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

అందుకే కాంట్రాక్టు ఏ దేశపు చట్టం కింద రాసుకున్నా, అవతలివాడి ఆస్తి ఉన్న దేశపు లాయరు దాన్ని ఒక్కసారైనా చదవాలి. మొత్తం రాయనక్కర్లేదు. "ఇందులో ఏది మీ దగ్గర చెల్లదు?" అన్న ఒక్క ప్రశ్నకు సమాధానం చెబితే చాలు. ఆ పనికయ్యే ఫీజు మొత్తం డ్రాఫ్టు రాయించే ఫీజులో చిన్న వంతే.

మొత్తం చిన్నదైతే మంచి లాయరు ఇచ్చే మొదటి సలహా చట్టం గురించి ఉండకపోవచ్చు కూడా. "ఈ మాత్రం దానికి క్లాజులెందుకు, అడ్వాన్సు పెంచండి, మిగతాదానికి లెటర్ ఆఫ్ క్రెడిట్ అడగండి" అంటాడు. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ. దానికోసం 2007 జులై 1 నుంచి నడుస్తున్న యూసీపీ 600 అనే నియమాల ప్రకారం లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లుతుంది, కోర్టు గడప తొక్కే పని పడదు. ఇలాంటి మాట చెప్పి తన ఫీజు తానే తగ్గించుకునే లాయరు దొరికితే వదులుకోకండి.

అదే మాట, వేరే బరువు

ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా కాంట్రాక్టులో పేర్లు, అంకెలు మార్చి పంపేసేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. క్లాజు ఇంగ్లీషులో ఒకేలా ఉంటుంది. దాని అర్థాన్ని మాత్రం ఏ దేశానికా దేశం తూకం వేస్తుంది.

ఆలస్యానికి జరిమానా క్లాజునే తీసుకుందాం. "సరుకు ఆలస్యమైతే వారానికి ఇంత శాతం కోత" అని రాసుకున్నారు. ఇంగ్లండులో ఈ క్లాజు చెల్లుతుందా అని చూసేటప్పుడు, దాన్ని పెట్టినవాడికి న్యాయమైన ప్రయోజనం ఏదైనా ఉందా, ఆ ప్రయోజనంతో పోలిస్తే జరిమానా బొత్తిగా పొంతన లేకుండా ఉందా అని అడుగుతారు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఈ సూత్రం చెప్పింది. చెప్పిన కేసుల్లో ఒకటి కోట్ల డాలర్ల వాటాల అమ్మకం. రెండోది రెండు గంటలు ఉచితంగా కారు నిలుపుకోనిచ్చే చోట ఒకాయన ఇంకో గంట దాకా ఉండిపోయినందుకు వేసిన 85 పౌండ్ల జరిమానా. రెండూ ఒకే తీర్పులో తేలాయి, రెంటిలోనూ జరిమానా చెల్లింది.

అదే క్లాజు ఫ్రాన్సు చట్టం కిందికి వెళ్తే, మొత్తం మరీ ఎక్కువనిపిస్తే జడ్జి తగ్గించవచ్చు, మరీ తక్కువనిపిస్తే పెంచనూవచ్చు. ఎవరూ అడగకపోయినా తనంతట తానే ఆ పని చేయవచ్చు. "జడ్జికి ఈ అధికారం లేదు" అని మీరు రాసుకున్నా ఆ వాక్యం రాయనట్టే లెక్క. జర్మనీలో కథ ఇంకో మలుపు తిరుగుతుంది. వ్యాపారులు ఒప్పుకున్న జరిమానాను తగ్గించమని జడ్జిని అడిగే హక్కు వ్యాపారికి లేదు. వినడానికి అమ్మినవాడికి ఇబ్బందిగా, కొన్నవాడికి హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ క్లాజు కొన్నవాడు అందరికీ ఒకేలా పంపే ముద్రిత నమూనాలోదైతే, అవతలివాడితో నిజంగా బేరమాడి పెట్టిందని చూపలేకపోతే, అది న్యాయంగా ఉందా అని కోర్టు పరీక్షిస్తుంది. తప్పిందంటే కోర్టు దాన్ని కోసి సరిచేయదు, మొత్తం కొట్టేస్తుంది. అంటే అత్యాశతో ఎక్కువ శాతం రాసుకున్నవాడికి ఉన్నది కూడా పోతుంది. జర్మనీలో ఈ కట్టడి మామూలు వినియోగదారులకే కాదు, కంపెనీల మధ్య కాంట్రాక్టులకూ వర్తిస్తుందన్నది బయటివాళ్ళకు ఓ పట్టాన తట్టదు. అక్కడి లాయర్లు బేరసారాల మెయిళ్ళు, పాత డ్రాఫ్టులు జాగ్రత్తగా దాచమనేది అందుకే. క్లాజు మీద నిజంగా చర్చ జరిగిందని రేపు చూపడానికి అవే సాక్ష్యం.

ఇంకో ఉచ్చు సరుకు అమ్మకాల్లో ఉంది. 1980లో వియన్నాలో కుదిరి 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐక్యరాజ్యసమితి అమ్మకాల ఒడంబడికలో అమెరికా, చైనా, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ ఉన్నాయి. బ్రిటన్ లేదు, భారత్ లేదు. ఇద్దరు వ్యాపారులూ సభ్యదేశాల వాళ్ళైతే కాంట్రాక్టులో దాని పేరెత్తకపోయినా అదే వర్తిస్తుంది. "జర్మన్ చట్టం వర్తిస్తుంది" అని రాసుకుని తప్పించుకున్నామనుకుంటారు. కానీ ఆ ఒడంబడిక జర్మన్ చట్టంలో భాగమే, కాబట్టి అమ్మకానికి వర్తించేది మళ్ళీ అదే. వద్దనుకుంటే వద్దని విడమరచి రాయాలి. వద్దనాలా అన్నది వేరే చర్చ. లోపం కనిపిస్తే కొన్నవాడు తగిన సమయంలో తెలపాలని, ఎంత కాదన్నా సరుకు చేతికొచ్చిన రెండేళ్ళలోపు తెలపాలని అందులో ఉంది. బాకీ మీద వడ్డీ హక్కు ఇస్తుంది, రేటు మాత్రం చెప్పదు. రేటు రాసుకోకపోతే దాని కోసం ఇంకో వాదం నడపాలి. ఈ ఒడంబడిక గురించి ప్రస్తావనే రాని అమ్మకం డ్రాఫ్టు మీ లాయరు నుంచి వస్తే ఎందుకు రాలేదో అడగండి. జవాబు చెప్పే తీరులోనే మనిషి పనితనం తెలిసిపోతుంది.

సంతకానికి ముందు రాసుకునే కాగితాలది ఇంకో తంతు. "ఉత్తినే ఉద్దేశం తెలిపే లేఖ, దీనికి లాయరెందుకు" అంటారు. మంచి నమ్మకంతో చర్చలు సాగిస్తామన్న హామీకి చట్టబలం లేదని ఇంగ్లండులో 1992లో అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. జర్మనీలో, ఫ్రాన్సులో అలా కాదు. చర్చలు నడిపే తీరులో నిజాయితీ లేకపోతే, అన్యాయంగా మధ్యలో తెగ్గొడితే, అవతలివాడికి చర్చల కోసం అయిన ఖర్చు కట్టాల్సి రావచ్చు. కాబట్టి లాయరు అవసరం పెద్ద కాంట్రాక్టు దగ్గర కాదు, ఆ మొదటి లేఖ దగ్గరే మొదలవుతుంది. ఆ దశలో అరపేజీ సలహా చాలు.

ఏజెంటు ముచ్చట

విదేశంలో సొంతంగా ఆఫీసు పెట్టేంత స్తోమత లేనివాళ్ళు ముందు చేసేది కమిషన్ మీద ఒక ఏజెంటును పెట్టుకోవడం. రెండు పేజీల ఒప్పందం, ఇష్టం లేకపోతే మూడు నెలల నోటీసుతో తీసేయొచ్చన్న క్లాజు. ఇంతకన్నా తేలికైనది లేదనిపిస్తుంది.

యూరోపియన్ యూనియన్‌లో 1986 నాటి ఒక నిర్దేశం ఉంది. కంపెనీ తరఫున సరుకు అమ్మకాలు కుదిర్చే ఏజెంటును తీసేస్తే అతనికి నష్టానికి పరిహారమో, అతను తెచ్చిపెట్టిన వ్యాపారానికి బదులుగా ఇండెమ్నిటీ అనే మొత్తమో ఇవ్వాలి. ఇండెమ్నిటీ పద్ధతి ఉన్న దేశాల్లో అది గరిష్ఠంగా గత ఐదేళ్ళ సగటు మీద ఒక ఏడాది కమిషన్ దాకా వెళ్ళవచ్చు. ముందే వద్దనుకుంటామని కాంట్రాక్టులో రాసుకుంటే చెల్లదు. "మాది యూరప్ చట్టం కాదుగా" అన్నవాడికి 2000లోనే జవాబు దొరికింది. కాలిఫోర్నియా కంపెనీ ఒకటి బ్రిటన్‌లోని ఏజెంటుతో కాలిఫోర్నియా చట్టం వర్తిస్తుందని రాసుకుని, తర్వాత ఒప్పందం రద్దు చేసుకుంది. ఏజెంటు యూనియన్‌లో పనిచేస్తున్నంత కాలం ఏ చట్టం ఎంచుకున్నా ఈ రక్షణ పోదని యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. బ్రిటన్ అప్పటికి యూనియన్‌లోనే ఉంది.

ఇక్కడ లాయరు చేసే పని ఆ రక్షణను తప్పించడం కాదు, ఎలాగూ తప్పించలేరు. ఏజెంటు బదులు, తానే కొని తిరిగి అమ్ముకునే డిస్ట్రిబ్యూటర్‌గా పెట్టుకోవాలా, కమిషన్ లెక్క ఎలా రాయాలి, ఏ ఏ తప్పులకు పరిహారం లేకుండా తీసేయొచ్చు అన్నవి ముందే చూడటం. డిస్ట్రిబ్యూటర్‌కు కూడా కొన్ని దేశాల్లో కోర్టులు ఇలాంటి పరిహారమే ఇప్పిస్తాయి. అందుకే ఈ ఒప్పందాలకు ఏజెంటు ఉండే దేశపు లాయరే కావాలి, సొంత దేశపు లాయరు ఎంత ఘనుడైనా లాభం లేదు.

భాష, ముద్ర, నోటరీ

2010లో ఒక అమెరికన్ సంస్థ ఇండోనేసియా కంపెనీకి 44 లక్షల డాలర్ల పైచిలుకు అప్పిచ్చింది. పత్రం ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఇండోనేసియా 2009లో తెచ్చిన భాషా చట్టం, అక్కడి సంస్థలు పాల్గొనే ఒప్పందాల్లో ఇండోనేసియా భాష ఉండాలంటుంది. డబ్బు తీసుకున్న కంపెనీయే కోర్టుకెళ్ళి, మా భాషలో లేదు కాబట్టి ఒప్పందం చెల్లదంది. 2013లో పశ్చిమ జకార్తా జిల్లా కోర్టు ఆ మాటే ఒప్పుకుంది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. సంతకం పెట్టే రోజున రెండో భాషలో ఒక కాపీ తయారుచేయించడానికి ఎంత ఖర్చయ్యేది?

రెండు భాషల్లో రాసుకున్నప్పుడు ఏది చెల్లుబాటు అన్న వాక్యం తప్పనిసరి. "రెండూ సమానమే" అన్న మర్యాద మాట వద్దు. తేడా వచ్చినప్పుడు కోర్టు తన భాషలో ఉన్నదే ముందు చదువుతుంది, ఎవరైనా అదే చేస్తారు. దుబాయ్‌లో ఈ తేడా ఒకే ఊళ్ళో కనిపిస్తుంది. అక్కడి మామూలు కోర్టులు అరబిక్‌లో నడుస్తాయి. అదే నగరంలో 2004లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్ కోర్టులు ఇంగ్లీషులో, ఇంగ్లండు తరహా న్యాయంతో నడుస్తాయి. క్లాజులో "దుబాయ్ కోర్టులు" అని మాత్రమే రాస్తే ఏ కోర్టులన్నదే పెద్ద పేచీ అవుతుంది.

చైనాలో సంతకం కన్నా ముద్ర ముఖ్యం. పోలీసుల దగ్గర నమోదైన గుండ్రని ఎర్ర ముద్ర కంపెనీది. కాంట్రాక్టులకు వేరే ముద్ర, లెక్కలకు వేరే ముద్ర ఉండొచ్చు. ముద్ర ఉన్నా, వేసినవాడికి అధికారం ఉందా అన్నది కూడా కోర్టులు చూస్తాయి. అంతకన్నా ముందు పేరు చూడాలి. చైనా కంపెనీ లైసెన్సులో ఉండేది చైనీస్ పేరు, 18 అంకెల, అక్షరాల గుర్తింపు సంఖ్య. విజిటింగ్ కార్డు మీది ఇంగ్లీషు పేరు వాళ్ళు తమకు తోచినట్టు పెట్టుకున్నదే. ఇంగ్లీషు పేరుతోనే కాంట్రాక్టు రాసుకుంటే, రేపు దావా వేసేటప్పుడు అసలు ఏ కంపెనీ మీద వేస్తున్నామో నిరూపించుకోవడమే ఒక పని. అక్కడి లాయరు లైసెన్సు కాపీ తెప్పించి, ఆ సంఖ్యను ప్రభుత్వ రిజిస్ట్రీలో సరిచూసి, ముద్రలోని అక్షరాలు లైసెన్సులోవేనా అని పోల్చి చూస్తాడు. ఆ పోల్చి చూడటానికి పట్టేది కాసేపే, కాకపోతే మనం కళ్ళారా చూసినా ఆ అక్షరాలు మనకు అర్థం కావు.

జర్మనీలో పరిమిత బాధ్యత కంపెనీ వాటాలు కొంటే నోటరీ ముందు రాసుకోవాలి. అక్కడ నోటరీ అంటే రోడ్డు పక్కన కూర్చుని ముద్ర కొట్టి పంపేవాడు కాదు. పూర్తి న్యాయశాస్త్రం చదివినవాడు, పత్రం మొత్తాన్ని అందరి ముందూ గొంతెత్తి చదువుతాడు. పెద్ద పత్రమైతే గంటల తరబడి సాగే చదువు అది. నిద్రొస్తుంది, కానీ మధ్యలో ఆపి ప్రశ్న అడగవచ్చు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. నోటరీ ఇద్దరికీ సమానం, మీ మనిషి కాదు. "నోటరీ ఉన్నాడుగా, ఇంకా లాయరెందుకు" అని ఆదా చేసుకున్నవాళ్ళు తమ బేరాన్ని తామే వదులుకున్నట్టు.

మనిషిని ఎలా ఎంచుకోవాలి

లాయరు అన్న మాట ఒకటే గానీ ఆ బోర్డు వెనక ఉన్నవాడికి ఏ అధికారముందో దేశదేశానికీ వేరు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రానిది. న్యూయార్క్ లాయరు టెక్సస్ చట్టం మీద సలహా ఇవ్వాలంటే టెక్సస్ లాయరునో, అక్కడి లైసెన్సునో వెతుక్కోవాలి. ఇంగ్లండులో కాంట్రాక్టు పని సాధారణంగా సొలిసిటర్ చూస్తాడు, బారిస్టర్ పని ఎక్కువగా కోర్టు వాదన, క్లిష్టమైన అభిప్రాయాలు. చైనాలో విదేశీ లా సంస్థల ఆఫీసులుంటాయి కానీ చైనా చట్టం మీద అభిప్రాయం ఇచ్చే అధికారం వాటికి లేదు, స్థానిక సంస్థతో కలిసి పనిచేస్తాయి. అలాంటప్పుడు రెండు బిల్లులు వస్తాయి, అది ముందే తెలిసి ఉండాలి.

పేరు చెప్పగానే నమ్మకుండా ఆ దేశపు బార్ రిజిస్టర్‌లో, అంటే లైసెన్సున్న లాయర్ల జాబితాలో, చూసుకోవచ్చు. ఇంగ్లండులో సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టర్ ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది. అమెరికాలో రాష్ట్ర బార్ల జాబితాలు కూడా అంతే, క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే చాలాచోట్ల అవీ కనిపిస్తాయి. దౌత్య కార్యాలయాలు పెట్టే లాయర్ల జాబితాలు మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అయితే ఆ జాబితాలో పేరుండటం సిఫార్సు కాదని వాళ్ళే కింద రాస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చే దారి ఒకటుంది. ఆ దేశంతో ఇప్పటికే వ్యాపారం చేస్తున్నవాళ్ళను "మీ లాయరు ఎవరు?" అని కాదు, "గొడవ వచ్చినప్పుడు ఎవరు ఆదుకున్నారు?" అని అడగడం. కాంట్రాక్టు రాసినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. ఆదుకున్నవాడి పేరు చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

అవతలి పార్టీ "మా లాయరు మంచివాడు, ఇద్దరికీ ఆయనే రాసిపెడతాడు, ఖర్చు కలిసొస్తుంది" అంటే నవ్వి ఊరుకోండి. ఖర్చు కలిసొచ్చేది వాళ్ళకే. చాలా దేశాల్లో ఇద్దరి ప్రయోజనాలు ఢీకొనేచోట ఒకే లాయరు ఉండకూడదన్న నియమం కూడా ఉంది. అదే కారణంతో మీ లాయరు పని ఒప్పుకునే ముందు అవతలి కంపెనీ పేరు అడుగుతాడు. తన పాత క్లయింట్లలో వాళ్ళున్నారా అని చూసుకోవాలి. పేరు అడగకుండానే పని మొదలుపెట్టేవాడు అనుమానించదగ్గవాడే.

మొదటి మెయిల్‌లో ఏం రాయాలో ఎవరూ చెప్పరు, అందుకే నాలుగు పేజీల కథ రాస్తారు. లాయరుకు కావాల్సింది తక్కువ: అవతలివాళ్ళ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, ఏ సరుకు లేదా సేవ, ఎంత మొత్తం, ఏ కరెన్సీ, డబ్బు ఏ దశలో ఎవరు ఎవరికి ఇస్తారు, వాళ్ళ ఆస్తులు ఎక్కడున్నాయని మీకు తెలుసు, ఇప్పటికే రాసుకున్న మెయిళ్ళు, లేఖలు, ఏ తేదీకి సంతకం కావాలి. వీటికి తోడు మిమ్మల్ని నిద్రపోనీయని భయమేమిటో ఒక్క వాక్యం. "వాళ్ళు మా డిజైను కాపీ కొట్టేస్తారేమో" అన్న ఒక్క మాట వల్ల లాయరు వెళ్ళే దారే మారిపోతుంది. ముందు ట్రేడ్‌మార్కు అక్కడ నమోదు చేయమంటాడు. చైనాలో ఆ హక్కు దాదాపుగా ముందు దరఖాస్తు పెట్టినవాడిదే, ముందు వాడినవాడిది కాదు.

వ్యక్తిగత విషయాలు, అవతలివాళ్ళ మీద అనుమానాలు మెయిల్‌లో రాసే ముందు అవి ఆ దేశంలో ఎంతవరకు రహస్యమో అడగండి. లాయరుతో మాటలు ఎక్కడైనా రహస్యమే అనుకోకూడదు. కంపెనీలోనే జీతానికి పనిచేసే లాయరు రాసిన సలహాకు, యూరోపియన్ యూనియన్ పోటీ చట్టం కింద జరిగే దర్యాప్తుల్లో ఆ గోప్యత రక్షణ లేదని 2010లో అక్కడి న్యాయస్థానం చెప్పింది.

బిల్లు దగ్గర

ఇంగ్లీషు, అమెరికన్ సంస్థల్లో గంట లెక్క ఎక్కువ. చాలాచోట్ల గంటను ఆరేసి నిమిషాల ముక్కలుగా చేసి రాస్తారు. రెండు నిమిషాల ఫోన్ కాల్ కూడా ఒక ముక్కే. అందుకే చిన్న చిన్న ప్రశ్నలు రోజుకొకటి పంపకుండా వారానికొకసారి కలిపి పంపేవాడి బిల్లు తగ్గుతుంది. కాంట్రాక్టు చదివి అభిప్రాయం చెప్పడంలాంటి పనులకు మొత్తం ఫీజు ముందే అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. గంట లెక్కే అయితే ఇంతకు మించితే ముందు చెప్పాలి అన్న హద్దు రాయించుకోవాలి.

గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి అమెరికాలో మామూలే. ఫ్రాన్సులో ఫీజు మొత్తం ఫలితం మీదే ఆధారపడకూడదు, ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా ఉండి తీరాలి. ఓడినవాడు గెలిచినవాడి లాయరు ఖర్చులో చాలా భాగం కట్టడం ఇంగ్లండు పద్ధతి. అమెరికాలో సాధారణంగా ఎవరి ఖర్చు వారిదే. కోర్టు ఎక్కడన్నది ఎంచుకునేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. గెలిచినా లాయరు ఖర్చు చేతి నుంచే పోయేచోట చిన్న బాకీల కోసం దావా వేయడం దండగ.

పని మొదలయ్యే ముందు గుర్తింపు కాగితాలు అడుగుతారు: కంపెనీ పత్రాలు, డైరెక్టర్ల పాస్‌పోర్టులు, అసలు యజమానులెవరన్న వివరం, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న సాక్ష్యం. మనీ లాండరింగ్ నియమాల వల్ల చాలా దేశాల్లో ఇది తప్పదు. అవమానంగా భావించి వాదించి లాభం లేదు, అది వాళ్ళ చేతిలో లేదు. ఈ కాగితాలకు రోజులు కాదు, వారాలు పట్టవచ్చు. శుక్రవారం సంతకం ఉందని బుధవారం లాయరును పట్టుకునేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

అన్నట్టు, పని ఒప్పుకుంటూ ఆ లాయరు పంపే లేఖ, ఎంగేజ్‌మెంట్ లెటర్, కూడా విదేశీ కాంట్రాక్టే. అందులో ఏ పని చేస్తారు, ఏది చేయరు అని ఉంటుంది. పన్ను సలహా ఇందులో లేదన్న వాక్యం చాలావాటిలో ఉంటుంది, చాలామంది అది చదవరు. పనిచేసేది మీతో మాట్లాడిన పెద్దాయనా, ఆయన కింద జూనియరా అన్నది ఉండాలి. తప్పు జరిగితే వాళ్ళ బాధ్యత ఎంత వరకన్న హద్దు చూడాలి. ఇంగ్లండులో సొలిసిటర్ల సంస్థలు కనీసం 20 లక్షల పౌండ్లకు, సంస్థ రూపాన్ని బట్టి 30 లక్షలకు, బీమా చేయించుకోవాలి. ఆ కనీసం కన్నా తక్కువకు బాధ్యత కుదించుకోకూడదు. అంతటా ఇలాంటి కనీస హద్దు ఉండదు. ఇక చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, మీకూ ఆ లాయరుకూ గొడవొస్తే ఏ దేశపు చట్టం, ఏ కోర్టు అన్నది రాసి ఉంటుంది. చాలాసార్లు అది ఆ లాయరు ఊరి కోర్టే.